ఆహార పరిశ్రమ – పనివారి నైపుణ్య ప్రమాణములు

పంట పండించుట ఒక విద్య. పండిన పంటను చెడకుండ కాపాడి, రుచియు సారమును పోకుండ ప్రజలకు అందించుట మరియొక విద్య. మొదటిదానిని గురించి మన ప్రాంతమున నిత్యము చర్చ జరుగుచునే యుండును. రెండవదానిని గురించి ఆలోచించువారు తక్కువ. తుమ్మలపల్లె, వేముల, పులివెందుల ప్రాంతముల అరటి, చీనీ తోటలు, జమ్మలమడుగు నల్లరేగడి భూములలోని శనగ, ప్రొద్దుటూరు నూనె మిల్లులకు చేరు వేరుసెనగ మనమందరము ఎరిగినవే. వానిని ఏరువారు, మాగవేయువారు, ఆడించువారు, డబ్బాలలో నింపువారు ఎట్టి నేర్పు గలవారై యుండవలెను? ఆ నేర్పును కొలుచుటకు ఆధారమేమి? ఆ ఆధారము పాతబడినచో దానిని మార్చుట ఎట్లు? ఈ ప్రశ్నలను ఈ వ్యాసమున పరిశీలింతము.

ప్రమాణము అనగా నేమి?

ఒక పని చేయువాడు ఏమి చేయగలిగి యుండవలెనో, అందులకు ఏమి తెలిసి యుండవలెనో వ్రాతపూర్వకముగ నిర్ణయించినదే నైపుణ్య ప్రమాణము. మన దేశమున 2008లో జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ ఏర్పడినది. పిదప ఒక్కొక్క రంగమునకు ఒక్కొక్క నైపుణ్య మండలి వెలసినది. ఆహార తయారీ రంగమునకు చెందిన మండలిని 'ఫిక్సీ' అని వ్యవహరింతురు. 2013 డిసెంబరులో జాతీయ నైపుణ్య అర్హతల చట్రము ప్రకటింపబడగా, ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క స్థాయి నిర్ణయమైనది. వృత్తి విద్యను పర్యవేక్షించుటకు 2018లో ఒక జాతీయ మండలిని నెలకొల్పిరి.

ఉదాహరణకు ఊరగాయల తయారీ పనివాని ప్రమాణమును తీసికొందము. అందు ఊరగాయ పెట్టుట ఒక భాగము మాత్రమే. పనిచోటును, యంత్రములను సిద్ధము చేసి శుభ్రముగ నుంచుట, ముడిసరుకును పరీక్షించుట, చేసిన పనిని పుస్తకమున నమోదు చేయుట, ఆహార భద్రతా నియమములను పాటించుట కూడ అందు చేరియున్నవి. మన యిండ్లలో పెద్దవారు చేతి అంచనాతో చేయు పనిని విడివిడి మెట్లుగ విభజించి, ఏ మెట్టున ఏమి తప్పరాదో చెప్పునదే ప్రమాణము.

మార్పు ఎందుకు అవసరము?

ప్రమాణము ఒకసారి వ్రాసి పెట్టెలో దాచునది కాదు. చట్టము మారినను, యంత్రము మారినను, శాస్త్రజ్ఞానము పెరిగినను అదియు మారవలెను. మన ప్రాంతపు పంటలనుండియే రెండు నిదర్శనములు చూపుదుము.

మొదటిది వేరుసెనగ. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టని వ్యాధితో మరణించెను. వాని మేతలో కలిసిన వేరుసెనగ పిండిలో బూజు పుట్టించిన విషమే అందులకు కారణమని పరిశోధనలో తేలినది. ఆ విషమే అఫ్లటాక్సిన్. అది కాలేయ క్యాన్సరుకు దారితీయగలదు. మన దేశపు పాత నియమములు కిలోకు 30 మైక్రోగ్రాముల వరకు దీనిని అనుమతించినవి. తరువాతి సవరణలలో, మరల శుద్ధి చేయుటకు పోవు గింజకు 15, నేరుగ తినుదానికి 10 అని హద్దు తగ్గినది. యూరోపు దేశములలో నేరుగ తినుదానికి హద్దు 4 మాత్రమే. గింజలు ఏరు స్త్రీ కూర్చున్న చోటు మారలేదు, ఆమె చేట మారలేదు. కాని ఆమె చేయవలసిన పని మారినది. పూర్వము రాయి, మట్టిబెడ్డ ఏరిన చాలును. ఇప్పుడు ముడుతలు పడిన గింజ, రంగు మారిన గింజ, పగిలిన గింజ, బూజు సోకిన గింజ ఎందుకు తీసివేయవలెనో ఆమెకు తెలియవలెను. గింజలో తేమ నూటికి 8 పాళ్లకు మించనీయరాదని గిడ్డంగి కాపరికి తెలియవలెను. నూనెను క్షారముతో శుద్ధి చేసినప్పుడు ఈ విషము చాలవరకు పోవును. శుద్ధి చేయని గానుగ నూనెలో అట్లు పోదు. గానుగ నూనెపై మక్కువ పెరిగిన ఈ రోజులలో గింజ ఏరువారి కన్నే మనకు రక్ష.

రెండవది అరటి. మన పూర్వులు కాయలను మూసిన గదిలో నుంచి పొగబెట్టి మాగవేయుచుండిరి. ఆ పొగలో ఇథిలీన్ అను వాయువు కలదని వారెరుగరు. కాని దాని ఫలితమును చక్కగ ఎరుగుదురు. తరువాత కాల్షియం కార్బైడు పొట్లములు వచ్చినవి. వానినుండి వెలువడు వాయువులో ఆర్సెనిక్, భాస్వరపు విషముల జాడలుండుటచే చట్టము దానిని నిషేధించినది. 2015లో హైదరాబాదులోని ఉన్నత న్యాయస్థానము ఈ విషయమును తానుగ విచారణకు స్వీకరించినది. 2016లో, పదిలక్షల పాళ్ల గాలికి 100 పాళ్లకు మించకుండ ఇథిలీన్ వాయువును వాడుటకు అనుమతి లభించినది. దీనితో మాగవేయు పనివాని విద్యయే మారిపోయినది. గది వేడిమిని 16, 18 డిగ్రీల నడుమ నిలుపుట, గాలిలో తేమ నూటికి 90 పాళ్లకు తగ్గకుండ చూచుట, కాయలు విడిచిన బొగ్గుపులుసు వాయువు పోవుటకు వేళకు తలుపు తీయుట అతడు నేర్వవలెను. పచ్చికాయను 13 డిగ్రీలకు దిగువన నుంచినచో తొక్క నల్లబడునని కూడ తెలియవలెను. 2024లో పులివెందులలో అరటి ప్యాక్ హౌస్ ప్రారంభమైనది. అట్టి కేంద్రములలో పని దొరకవలెనన్నచో పొట్లముల కాలపు నేర్పు చాలదు.

ప్రపంచ స్థాయిలోను ఇదియే రీతి. కోడెక్స్ సంస్థ 1969లో రూపొందించిన ఆహార పరిశుభ్రతా సూత్రములు పలుమార్లు సవరింపబడి, 2020లో మరల మార్పు చెందినవి.

నీటి మాట

ఆహార పరిశ్రమలో మొదటి ముడిసరుకు నీరు. తుమ్మలపల్లె యురేనియము గని, శుద్ధి కర్మాగారము గల గ్రామము. 2018 ప్రాంతమున ఆ పరిసర గ్రామముల రైతులు తమ బోరు నీటిని గురించియు, అరటి తోటలను గురించియు ఆందోళన వెలిబుచ్చిరి. ఆ వివాదమును తీర్చుట మా పని కాదు. అయినను ఒక పాఠమున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ త్రాగునీటిలో యురేనియమునకు లీటరుకు 30 మైక్రోగ్రాముల హద్దు సూచించినది. కంటికి కనబడని ఇట్టి విషయమున నమ్మకము గాని, అనుమానము గాని చాలవు, పరీక్ష కావలెను. గెలలు కడుగు పనివాడు నీటి పరీక్ష పత్రమును అడిగి చూడగలిగి యుండవలెను. ప్రమాణమును ప్రాంతమునకు తగినట్లు సవరించుట అనగా ఇదియే.

ఉస్తాదు నేర్పు

మన ముస్లిం కుటుంబములలో పలువురు బేకరీలు, హోటళ్లు, పండ్ల వ్యాపారము నమ్ముకొని జీవించుచున్నారు. అచ్చట విద్య ఉస్తాదునుండి షాగిర్దుకు చేతిమీదుగ సంక్రమించును. పిండి పదును వ్రేలితో తెలిసికొను ఉస్తాదుకు ఏ పత్రమును లేదు. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి నైపుణ్య పథకమున, పూర్వము నేర్చిన విద్యను పరీక్షించి గుర్తించు ఏర్పాటు చేసిరి. ఇది మంచి ఏర్పాటు. కాని పరీక్ష అతనికి రాని భాషలో జరిగినచో, ముప్పది యేండ్ల నేర్పు ముప్పది నిమిషములలో ఓడిపోవును. అతని స్థానమున, పొయ్యి ఎరుగని పత్రధారి నిలుచును.

అట్లని పాత నేర్పే చాలునను వాదమును సరికాదు. ఎంతటి ఉస్తాదైనను అఫ్లటాక్సిన్‌ను వాసన చూచి పట్టలేడు. చేతి నేర్పునకు కొలత తోడు కావలెను. కొలత వ్రాయువారికి చేతి నేర్పు తెలియవలెను. కావున ప్రమాణములను సవరించు సభలలో యజమానులు, అధికారులు, ఆచార్యులతోపాటు పనివారికిని చోటుండవలెనని మా అభిప్రాయము. వారు లేని సవరణ ఎంత నూతనమైనను అసంపూర్ణమే.

మన కర్తవ్యము

ఈ విషయమున రెండు భాషల కళాశాలకు ప్రత్యేకమైన బాధ్యత కలదు. ఊరగాయ, పండ్లరసము, పండ్ల గుజ్జు, బేకరీ పనుల ప్రమాణములను సులభమైన తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి చిన్న పుస్తకములుగ వెలువరింపవచ్చును. విద్యార్థులు తమ వీధులలోని బేకరీలకు, మిల్లులకు, మండీలకు వెళ్లి, పనివారు వాడు మాటలను, పద్ధతులను సేకరింపవచ్చును. పులివెందులలో వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆహార శాస్త్ర సాంకేతిక కళాశాల ఉన్నది. అనంతపురమున 1949లో నెలకొల్పిన తైల సాంకేతిక పరిశోధన సంస్థ ఉన్నది. వాని ఆచార్యులను ఆహ్వానించి, సాయంకాలపు తరగతులు నడుపుట మన కళాశాల సంఘమునకు అసాధ్యము కాదు. కనీసము 25 మంది ఆహార పనివారికి ఒక శిక్షణ పొందిన పర్యవేక్షకుడైన ఉండవలెనని ఆహార భద్రతా సంస్థ సంకల్పించినది. ఆ పర్యవేక్షకులు మన విద్యార్థులే ఎందుకు కారాదు?

పట్టము చేతపట్టుకొని పట్టణముల వెంట తిరుగుట ఒక్కటే చదువునకు ప్రయోజనము కాదు. తన తండ్రి దుకాణములోని పనిని తండ్రికంటె మేలుగ ఎరిగి, తండ్రికి తెలిసినదానిని పోగొట్టకుండ నిలుపుటయు చదువే. ఈ సంగతిని విద్యార్థులును, కళాశాల సంఘమువారును ఆలోచింతురుగాక!