మంచుకొండకు పోయే ముందు మోకాళ్ల సన్నద్ధత

గత దసరా నాడు హైదరాబాదు నుండి వచ్చిన మేనల్లుడు నా చేతిలో జమ్మి ఆకు పెట్టి, కాళ్లకు మొక్కి, ఒక కోరిక కోరాడు. "మామా, జనవరిలో దోస్తులతోని గుల్మార్గ్ పోతున్న, మంచు మీద స్కీయింగ్ నేర్చుకునేటందుకు. మోకాళ్లకు మంచి తైలం కాచి ఇస్తవా?"

"తైలం ఇస్తా గాని అల్లుడా, ముందు గోడకుర్చీ వెయ్యి" అన్నాను. చిన్ననాడు బడిలో పంతులు వేయించిన శిక్ష గుర్తుకు వచ్చి అతడు నవ్వాడు. పదిహేను సెకన్లకే తొడలు వణికాయి.

తైలం బిగుసుకొన్న కండను సడలించగలదు. లేని బలాన్ని తెచ్చి పెట్టలేదు. ఈ సంగతి నాకు నా మోకాళ్లే నేర్పాయి. అమరనాథ యాత్ర మా సిద్దిపేట వారికి కొత్త కాదు. ఆ దారిలో మా ఊరి వారు అన్నదానం నడిపిన విషయం పలువురు ఎరుగుదురు. నా 46వ ఏట నేనూ బయలుదేరాను. నెల రోజులు కోమటి చెరువు కట్ట మీద నడిచి, అది చాలుననుకొన్నాను. బాల్తాల్ నుండి 3,888 మీటర్ల ఎత్తున ఉన్న గుహ వరకు సుమారు 14 కిలోమీటర్లు ఆయాసపడుతూనైనా ఎక్కాను. దిగేటప్పుడు మాత్రం మోకాళ్లు నిలువలేదు. ఎవరో యువకుని భుజం పట్టుకొని దిగవలసి వచ్చింది.

కారణం సులభమే. ఎక్కేటప్పుడు తొడ ముందరి కండ ముడుచుకొంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు అదే కండ సాగుతూ, శరీరభారాన్ని ఆపుతూ పని చేయాలి. చదునైన కట్ట మీది నడక ఈ రెండవ పనిని నేర్పదు. అలవాటు లేని కండకు ఈ శ్రమ కలిగితే నొప్పి మరునాడు, ఆ మరునాడు హెచ్చుతుంది. అయితే కొద్ది మోతాదులో ముందుగానే ఈ శ్రమను ఎరిగిన కండ, తర్వాత కొన్ని వారాల వరకు అంతగా దెబ్బతినదు.

స్కీయింగ్ అంటే ఆసాంతం దిగడమే. గట్టి బూట్లు చీలమండను కదలనీయవు. సగం కూర్చున్న భంగిమలో ప్రతి మలుపు వద్ద భారమంతా తొడలే ఆపాలి. అవి అలసినప్పుడు కాలికి కట్టిన పలక ఒకవైపు, శరీరం మరొకవైపు తిరిగితే మోకాటి లోపలి స్నాయువు తెగవచ్చు. స్నోబోర్డులో రెండు పాదాలూ ఒకే పలకకు బిగించి ఉంటాయి. పడినప్పుడు చేతులు ఆనించడం సహజం గనుక అక్కడ మణికట్టుకు ముప్పు ఎక్కువ.

దసరా నుండి జనవరికి సుమారు 12 వారాల వ్యవధి ఉంటుంది. శీతకాలమూ వసంతమూ వ్యాయామానికి తగినవని, అదీ అర్ధశక్తి మేరకే చేయాలని అష్టాంగహృదయం చెబుతుంది. నుదుట, ముక్కు మీద, కీళ్ల వద్ద చెమట పట్టి నోరు ఎండనారంభిస్తే అర్ధశక్తి పూర్తి అయినట్లని పెద్దల లెక్క. మన యువకులు మొదటి రోజే నూరు గుంజీలు తీసి మూడవ రోజు మానివేస్తారు!

అల్లునికి నేను చెప్పిన క్రమం ఇది. రోజు విడిచి రోజు మేడమెట్లు దిగాలి. ఒక్కొక్క మెట్టుకు మూడు అంకెలు లెక్కిస్తూ, కటకటాలు పట్టుకొని, అయిదు నిమిషాలు. పిమ్మట గోడకుర్చీ మూడుసార్లు, వారానికి అయిదు సెకన్ల చొప్పున పెంచుతూ. మోకాలు నొప్పి పెడితే అంత కిందికి కూర్చోకుండా, కొంత ఎత్తులోనే ఆగాలి. సేతుబంధాసనం పదిసార్లు వేస్తే తొడ వెనుక కండలు బలపడి మోకాటి స్నాయువుకు అండగా ఉంటాయి. పళ్లు తోముకొనే వేళ ఒంటికాలిపై నిలవడం ఖర్చు లేని సాధన. మిగిలిన రోజులలో 40 నిమిషాల చురుకైన నడక. రక్తపోటు, గుండెజబ్బు, మధుమేహం గలవారు వైద్యుని అనుమతి లేనిదే ఏదీ ఆరంభించరాదు.

వారానికి రెండుసార్లు గోరువెచ్చని నువ్వులనూనెతో అభ్యంగనం చేసుకొని వేడినీటి స్నానం చేయవచ్చు. ఆహారంలో జొన్నరొట్టె, పెసరపప్పు, పాలు, నువ్వుల ముద్దలు ఉంటే చాలును. అంగడిలో దొరికే పొడుల డబ్బాలు అవసరం లేదు. సంక్రాంతికి ముందు అల్లుడు 65 సెకన్లు కూర్చోగలిగాడు. తైలం సీసా కూడ ఇచ్చి పంపాను, ఒక హెచ్చరికతో.

అక్కడ పడి, మోకాటిలో 'టప్'మని శబ్దమై, కొన్ని గంటలలో వాపు వస్తే ఆ తైలంతో మర్దన చేయరాదు. గుడ్డలో చుట్టిన మంచుగడ్డ పెట్టి, కాలు ఎత్తుగా ఉంచి, ఎముకల వైద్యునికి చూపాలి. చలికి తెల్లబడి స్పర్శ పోయిన వేళ్లను రుద్దరాదు, మంటకు కాచరాదు. మళ్లీ గడ్డకట్టే భయం లేని చోటికి చేరిన పిమ్మట గోరువెచ్చని నీటిలో ఉంచి, వైద్యునికి చూపాలి. మద్యం వేడినిస్తుందనేది భ్రమ. చర్మంలోని రక్తనాళాలు విప్పారి ఒంటి వేడి బయటికి పోతుంది. సిద్దిపేట సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంటే, గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది; తీగమార్గం పైకొస సుమారు 3,950 మీటర్లు. అక్కడ తలనొప్పితో వాంతులు, తూలుడు కలిగితే శొంఠి కషాయంతో కాలక్షేపం చేయక వెంటనే కిందికి దిగి వైద్యుని వద్దకు పోవాలి.