వైయావృత్త్యము - మోకీలు మార్పిడి వేళ ఇంటివారి ధర్మము

జైన ధర్మమున ఆభ్యంతర తపస్సులు ఆరు: ప్రాయశ్చిత్తము, వినయము, వైయావృత్త్యము, స్వాధ్యాయము, వ్యుత్సర్గము, ధ్యానము. వైయావృత్త్యమనగా సేవ. ఈ సేవకు పాత్రులైన పదిమందిలో గ్లానుని, అనగా రోగిని, తత్త్వార్థసూత్రము పేర్కొనుచున్నది. ఆ పదిమంది ముని సంఘమునకు చెందినవారు. గృహస్థునకు తన ఇంటి రోగియే గ్లానుడు. సేవ తపస్సు గనుక దానికి జ్ఞానము అవసరము. తెలియక చేసిన సేవ రోగికి కీడు చేయవచ్చును.

మరమగ్గముల పట్టణమైన భివండీలో, అంజూర్ ఫాటా వద్ద నివసించు ఒక శ్రావికకు మోకీలు మార్పిడి నిశ్చయమైనదనుకొందము. ఇంటివారు ఏమి తెలిసికొనవలెను?

1. శస్త్రచికిత్సకు ముందు: కృత్రిమ మోకీళ్లకు భారత ప్రభుత్వము 2017 ఆగస్టులో గరిష్ఠ ధరలు నిర్ణయించెను. కావున కీలు ధరను బిల్లులో వేరుగా చూపుమని అడుగవచ్చును. మధుమేహము, రక్తపోటు, పంటి చీము ఉన్నచో దాచరాదు.

2. వ్రతము - ఔషధము: రక్తము గడ్డకట్టకుండ ఇచ్చు హెపారిన్ సూదిమందు సాధారణముగా పంది ప్రేగులనుండి తయారగును. అహింసావ్రతులకు ఇది చిన్న సంగతి కాదు. శస్త్రచికిత్స జరిగిన పిదప తెలిసి మందు మానినచో ప్రాణాపాయము. ముందుగనే వైద్యునితో చెప్పినయెడల ఆమెకు వేరొక మందు తగునో లేదో ఆయన చెప్పును. చౌవిహారము పాటించువారు రాత్రి మాత్రల వేళను గూర్చియు అపుడే అడుగవలెను. తమంతట తాము ఏ మందును మానరాదు.

3. ఇంటికి వచ్చిన పిదప: "అమ్మా, నీవు కదలకు, అన్నియు మేము చేసెదము" అనుట ప్రేమయే, కాని కదలని మోకీలు బిగిసిపోవును. వైద్యుడు చెప్పినట్లు వాకరుతో నడిపింపవలెను. హాయిగా నుండునని మోకాలి క్రింద దిండు ఉంచరాదు; కాలు చాచుట కష్టమగును. మెట్లెక్కునపుడు మంచి కాలు ముందు, దిగునపుడు శస్త్రచికిత్స జరిగిన కాలు ముందు. పిక్కలకు నూనె మర్దన వలదు.

4. అపాయ సూచనలు: పిక్క వాచి నొప్పి పుట్టినను, గాయము ఎఱ్ఱబడి చీము కారినను, జ్వరము వచ్చినను వెంటనే వైద్యునికి తెలుపవలెను. ఛాతీనొప్పి గాని, ఊపిరాడకుండుట గాని కలిగినచో క్షణమైనను ఆగక ఆసుపత్రికి చేర్పవలెను.

5. సామాయికము: నేలపై కూర్చొనలేకపోతినని ఆమె దుఃఖింపవచ్చును. సామాయికమునకు సమభావమే ప్రాణము. కుర్చీపై కూర్చుండి చేసినను అది సామాయికమే. ఈ మాట ఇంటివారు ముందుగా చెప్పినచో ఆమె మనస్సు కుదుటపడును.

6. సేవకుల సంగతి: కోడలు ఒక్కతెయే రాత్రింబవళ్లు మేల్కొనరాదు. కుమారులును వంతులు పంచుకొనవలెను. మందుల వేళలు, వైద్యుని మాటలు ఒక పుస్తకమున వ్రాసి ఉంచినచో వంతు మారినను పొరపాటు రాదు.

రోగి చేయగల పనిని ఆమెచేతనే చేయించి, చేయలేనిదానికి చేయూతనిచ్చుటయే నిజమైన వైయావృత్త్యము. ఆమె తన కాళ్లపై నడచి దేరాసరము మెట్లెక్కిన నాడు ఆ తపస్సు ఫలించును.