కింద కూర్చుంటే లేవలేకపోతున్నారు

ప్రశ్న: మా వారికి 46 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా రోజూ తాగుతారు. ఈ మధ్య తొడలు సన్నబడ్డాయి. కింద కూర్చుంటే చేతులు ఆన్చకుండా లేవలేకపోతున్నారు. లివర్ పరీక్షలు బాగున్నాయి, తిండీ బాగానే తింటారు. దీనికి మందే కారణమా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చాలావరకు అదే కావచ్చు. లివర్ బాగుందన్న ధీమా ఇక్కడ పనికిరాదు. లివర్ చెడకుండానే, తిండికి లోటు లేకుండానే కండలు కరుగుతాయి. దీర్ఘకాలం అతిగా తాగేవారిలో దాదాపు సగం మందిలో ఈ సమస్య ఉంటుంది.

కండలో ప్రొటీన్ రోజూ కొంత కరుగుతూ, కొంత కొత్తగా తయారవుతూ ఉంటుంది. ఆ తయారీని నడిపించే ‘ఎంటార్’ అనే సంకేత వ్యవస్థను ఆల్కహాల్ అణిచేస్తుంది. అందుకే గుడ్లు, మాంసం తిన్నా ఒంటికి పట్టదు. ముందుగా సన్నబడేవి చటుక్కున బలం అందించే ‘టైప్ 2’ కండ పోగులు. మెల్లగా నడిస్తే ఏమీ తెలియదు. పీట మీంచి లేవబోతేనో, మెట్లెక్కితేనో బయటపడుతుంది. కండ దెబ్బను చూపే ‘సీకే’ రక్తపరీక్ష మామూలుగానే రావచ్చు, దాన్ని చూసి తేలిగ్గా తీసుకోవద్దు.

వేరే కారణాలు లేవని తేల్చుకోవడానికి థైరాయిడ్, షుగర్, విటమిన్ డి, పొటాషియం, మెగ్నీషియం పరీక్షలు కూడా చేయించండి. మందు పూర్తిగా మానేస్తే చాలామందిలో ఆరు నెలల నుంచి ఏడాదిలోపు బలం తిరిగొస్తుంది. అయితే రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలోనే మాన్పించండి. ఎప్పుడైనా కండల నొప్పితో పాటు మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.