విమాన చోదకుల చిత్తోద్వేగం – ఇంటి మందు ఎంతవరకు?

విమానం నడిపేవారి అస్వస్థతను గూర్చి గృహవైద్య పత్రికలో ప్రసంగమేల అని పాఠకులకు సందేహం కలుగవచ్చును. పూర్వం అది మన ఇళ్ళకు దూరమైన మాటే. నేడు సామాన్య ఉద్యోగస్థుల పిల్లలు కూడా, ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పుతో, ఆ వృత్తిలో ప్రవేశిస్తున్నారు. అట్టివారిలో ఒకరి విషయమై నాకు కలిగిన అనుభవాన్ని, అందులో నేను చేయబోయిన పొరపాటును ఇక్కడ వ్రాస్తున్నాను. పేర్లు, ఊళ్ళు చెప్పను.

2024 చలికాలంలో నా చిరకాల మిత్రుడొకరు భార్యతోను, కుమారునితోను వైద్యశాలకు వచ్చారు. కుమారుడు ఒక విమాన సంస్థలో కో-పైలట్. వయస్సు ముప్పదికి లోపు. తెల్లవారుజామున విమానం ఉన్న రోజున రాత్రి రెండు గంటలకే మెలకువ వస్తుంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి, ఇల్లు కదిలేలోగా మూడు నాలుగు సార్లు విరేచనమవుతుంది. తన స్థానంలో కూర్చున్న తరువాత చేతులు తమ పని తాము చేసుకుపోతాయనీ, భయమంతా దానికి ముందేననీ చెప్పాడు. వైద్యపరీక్ష దగ్గరపడిన కొద్దీ బాధ ఎక్కువవుతున్నది. పరీక్షలో రక్తపోటు పెరిగి కనబడుతుందేమో అన్న దిగులుతోనే రక్తపోటు పెరుగుతున్నది.

చరకాచార్యుడు మనోవికారాలను పేర్కొన్నచోట భయాన్ని, చిత్తోద్వేగాన్ని వేరువేరుగా లెక్కించాడు. ఎదుట పాము ఉంటే కలిగేది భయం. పాము లేకపోయినా నిలువనీయని కలత చిత్తోద్వేగం. అతిసార భేదాలలో భయం వలన కలిగేదాన్ని కూడా ఆయన ప్రత్యేకంగా చెప్పాడు. కాబట్టి ఆ యువకుని విరేచనాలకు మూలం కడుపులో లేదు. రాత్రి జాగరణ రూక్షమై వాతాన్ని పెంచుతుందన్న శాస్త్రవాక్యం అతని పట్ల అక్షరాలా నిజమైంది. ఒకనాడు ఉదయం, మరొకనాడు అర్ధరాత్రి పని చేసేవానికి ఆకలికీ నిద్రకూ వేళ అంటూ ఉండదు. పైగా మెలకువ కోసం కాఫీ, మూత్రానికి లేవవలసి వస్తుందని నీరు మానుకొనుట. వేగధారణం తగదని మనం ఇంట్లో పిల్లలకు చెప్పేదే!

తల్లి మెల్లగా అసలు సంగతి బయటపెట్టింది. "అన్నయ్యగారూ, ఇంగ్లీషు డాక్టరు దగ్గరకు పోతే కాగితం మీదికి ఎక్కుతుంది. మీ ఆకులూ వేళ్ళూ ఏ లెక్కలోకీ రావు కదా. ఎవరికీ తెలియకుండా మీరే నయం చేసి పెట్టండి."

ఆ తల్లి భయం నిష్కారణం కాదు. అమెరికాలో 3,765 మంది పైలట్లను ప్రశ్నించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, సర్టిఫికెట్టు పోతుందన్న భయంతో ఏదో ఒక విధంగా వైద్యానికి దూరంగా ఉన్నామని 56 శాతం మంది ఒప్పుకున్నారు. ఈమె నన్ను కోరినది అదే దారి. సగం అలవాటు, సగం మొగమాటం కొద్దీ కలం తీసుకొని "సారస్వతారిష్టం" అని వ్రాయబోయాను. మనస్సు కలతకు నలభై ఏళ్ళుగా ఇస్తున్న ఔషధమది.

"పెదనాన్నగారూ, అందులో ఆల్కహాల్ ఉంటుందా?" అని ఆ అబ్బాయి అడిగాడు.

ఉంటుంది. ఆసవాలలోను, అరిష్టాలలోను పులియుట వలన తనంత తానే పుట్టే మద్యం సుమారు 5 నుండి 10 శాతం వరకు ఉంటుంది. ఇరవై మిల్లీలీటర్ల మోతాదులోనిది దేహంలో త్వరగానే కరిగిపోవచ్చును. కాని మన దేశంలో పైలట్లకు విధుల్లోకి వెళ్ళేముందు శ్వాసపరీక్ష ఉన్నది. పౌర విమానయాన శాఖవారు 2023లో సవరించిన నిబంధన ప్రకారం మద్యం కలిసిన మందులే కాదు, నోరు పుక్కిలించే ద్రవాలు కూడా నిషిద్ధం. పరీక్షలో దొరికితే మొదటిసారికే మూడు నెలలు లైసెన్సు నిలిపివేస్తారు. నా చీటీ ఆ పిల్లవాని జీవనాధారాన్ని కొట్టివేసి ఉండేది. రోగిని అడిగి తెలుసుకోవలసినది రోగి చేత చెప్పించుకున్నందుకు సిగ్గుపడి, ఆ రాత్రి నా మందుల బీరువా అంతటినీ ఈ దృష్టితో తిరిగి చూశాను.

చూచినకొద్దీ కళవళం కలిగింది. కడుపు బాధ చెబితే మనలో పలువురు ఇచ్చే జాతీఫలాది చూర్ణంలో భంగి ఉన్నది. 2022 జనవరి 31 నుండి మన దేశంలో విమాన సిబ్బందికి మాదకద్రవ్య పరీక్షలు అమలులోకి వచ్చాయి. గంజాయి, నల్లమందు జాతి పదార్థాలు, నిద్రమాత్రలలో కొన్ని తరగతులు అందులో చేరి ఉన్నవి. నిద్ర పట్టడానికి మన అమ్మలు గసగసాలు నూరి పాలలో కాచి ఇస్తారు. గసగసాలు తిన్నవారి మూత్రంలో నల్లమందు జాతి ఆనవాలు కనిపించవచ్చును. సర్పగంధ రక్తపోటును దించుతుంది, మత్తు కలిగిస్తుంది, కొందరిలో విషాదాన్ని పెంచుతుంది. 1952లో దాని నుండి వేరు చేసిన రిసర్పిన్ వలన ఈ గుణదోషాలన్నీ లోకానికి తెలిసినవే. జటామాంసి, అశ్వగంధ సౌమ్యమైనవే అయినా నిద్రమత్తు తెచ్చేవే. మా గురువుగారు ఆకుకు కూడా మోతాదు ఉన్నదనేవారు. దానికి తోడు రోగి వృత్తిని కూడా మేము అడగవలసి ఉన్నది.

మరునాడు వారిని తిరిగి పిలిపించి, రహస్యంగా మందు ఇవ్వనని చెప్పాను. తల్లికి కోపం వచ్చింది. తండ్రి తలవంచుకొని అప్పు మొత్తం చెప్పాడు. అది విన్నాక నాకు మాట రావడానికి కొంతసేపు పట్టింది.

అప్పుడు 2015 మార్చి 24నాటి ఘోరాన్ని గుర్తు చేయవలసి వచ్చింది. బార్సిలోనా నుండి డ్యూసెల్‌డార్ఫ్ వెళ్తున్న విమానాన్ని కో-పైలట్ ఆల్ప్స్ పర్వతాలలో కూల్చగా 150 మంది మరణించారు. అతడు తన మానసిక వ్యాధిని సంస్థకు తెలియనీయలేదు. ఈ అబ్బాయికీ ఆ వ్యక్తికీ పోలిక లేదని ముందే చెప్పాను. చిత్తోద్వేగం గల పైలట్లలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. కాని ఉద్యోగం, ఆదాయం పోతాయన్న భయమే ఇట్టివారిని వైద్యానికి దూరం చేస్తున్నదని ఆ ప్రమాదంపై ఫ్రెంచి దర్యాప్తు సంస్థ 2016లో ఇచ్చిన నివేదిక కూడా గుర్తించింది. ఆ తరువాత ఐరోపాలో తోటి పైలట్లతో మనసు విప్పి మాట్లాడుకునే ఏర్పాటు ప్రతి సంస్థకూ తప్పనిసరి అయింది. అమెరికాలోనైతే 2010లోనే నాలుగు రకాల మానసిక ఔషధాలు వాడుతూ, పర్యవేక్షణలో ఎగరడానికి అనుమతి ఇచ్చారు. తాత్కాలిక అనర్హత వేరు, శాశ్వత అనర్హత వేరు. తొలి దశలోనే చెప్పుకున్నవానికి మొదటిదానితో గడచిపోయే అవకాశం ఎక్కువ. దాచి పట్టుబడినవాడు వ్యాధికి, అబద్ధానికి రెండింటికీ సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది.

వైమానిక వైద్యునికి చెప్పి, ఆయన అనుమతితో ఇంటివద్ద చేయదగినవి కొన్ని సూచించాను. రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని నువ్వుల నూనెతో అరికాళ్ళకు మర్దన, సెలవు దినాన ఒళ్ళంతా నూనె రాసుకొని వేడినీళ్ళ స్నానం. ఏ వేళకు విధి ఉన్నా ముందు వేడి అన్నం, నెయ్యి, పెసరకట్టు. ఖాళీ కడుపుతో కాఫీ కూడదు. శ్వాస తీసుకొన్నదానికి రెట్టింపు కాలం విడిచే నెమ్మది ప్రాణాయామం పూటకు పది నిమిషాలు చాలును. భస్త్రిక, కపాలభాతి వంటివి దడ ఉన్నవారు చేయరాదు. చరకుడు చెప్పిన సత్త్వావజయం, అనగా మనస్సును అహితం నుండి మరల్చే చికిత్స, నేటి మనోవైద్యుల సంభాషణా చికిత్సకు చాలా దగ్గరగా ఉంటుంది. ఇందులో నాకన్నా వారు నేర్పరులు. అందుచేత అక్కడికే పంపాను. బ్రతకాలని లేదన్న మాట నోట వచ్చినవారి విషయంలో మాత్రం నూనెలతో, ప్రాణాయామంతో ఒక్క పూట కూడా ఆలస్యం చేయరాదు. వెంటనే మనోవైద్యుని వద్దకు తీసుకొని పోవలెను.

ఆ అబ్బాయిని కొన్ని నెలలు విధుల నుండి తప్పించారు. ఆ కాలమంతా తల్లి నాతో మాట్లాడలేదు. పెళ్ళిలో ఎదురుపడినా ముఖం తిప్పుకున్నది. 2025 వర్షాకాలంలో అతడు తిరిగి విమానం ఎక్కాడు. నిద్ర పూర్తిగా కుదుటపడలేదు గాని విరేచనాలు లేవు. ఇప్పుడు ప్రతి వైద్యపరీక్షకు ముందు ఫోన్ చేసి తాను తింటున్నవీ వాడుతున్నవీ వరుసగా చదువుతాడు. మొన్న చదివినప్పుడు, అమ్మ పంపిన కూరపొడిలో ఏమేమి ఉన్నాయో కనుక్కొమ్మన్నాను. గసగసాలు ఉన్నవట.