ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు: జన్యువులు, కొత్త మందులు, మన సాయం

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ బస్తీల్లో ఎవరికైనా నెలల తరబడి దగ్గు, ఆయాసం ఉంటే ఇంట్లోవాళ్లకు ముందు తోచేది టీబీ, తర్వాత ఆస్తమా. మూడో పేరు చాలామంది విని ఉండరు. అదే పల్మనరీ ఫైబ్రోసిస్. ఊపిరితిత్తుల లోపలి పొర గాయపడి, మానే క్రమంలో మచ్చ కట్టి గట్టిపడుతుంది. చర్మం మీద పుండు మానితే మచ్చ అక్కడితో ఆగుతుంది, ఇక్కడ అది పెరుగుతూ పోతుంది. ఎండు దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, కొందరికి వేళ్ల కొసలు ఉబ్బడం దీని గుర్తులు. హెచ్‌ఆర్‌సీటీ స్కాన్ తీస్తే గానీ సంగతి తేలదు.

మన దేశంలోని 19 నగరాల్లో, 27 ఆసుపత్రుల్లో, ఇలాంటి జబ్బులున్న 1,084 మందిని పరిశీలించి 2017లో ఒక నివేదిక ప్రచురించారు. అందులో దాదాపు సగం మందికి వచ్చింది, పీల్చిన గాలిలోని బూజు, పక్షుల రెట్టల ధూళి వంటివి పడక వచ్చే రకం. ముఖ్యంగా బయటపడిన కారణం ఎయిర్ కూలర్లు. ఎండాకాలం రాగానే అటక మీది కూలర్ దించి, పాత గడ్డి మ్యాట్లతోనే నడిపే ఇళ్లు మన పేటల్లో ఎన్నో మీకు తెలుసు. పావురాలకు గింజలు వేయడం పుణ్యమని మనం పెరిగినవాళ్లమే. అయితే బాల్కనీలో రెట్టలు పేరుకున్న చోట ఊపిరితిత్తుల రోగిని పడుకోబెట్టడం మాత్రం ప్రమాదం.

కారణం దొరకని రకాన్ని ఐపీఎఫ్ అంటారు. జన్యు పరిశోధన ఎక్కువగా జరిగింది దీనిమీదే. 2011లో అమెరికా శాస్త్రవేత్తలు మ్యూక్5బీ అనే జన్యువు పక్కన ఒక అక్షరం తేడా ఉన్నవారికి ఈ జబ్బు వచ్చే అవకాశం అనేక రెట్లు ఎక్కువని చూపారు. ఇది ఊపిరితిత్తుల్లోని జిగురుకు సంబంధించిన జన్యువు. విచిత్రమేమంటే, జబ్బు వచ్చాక ఆ తేడా ఉన్నవారే కొంత ఎక్కువ కాలం బతుకుతున్నారని 2013లో తేలింది. ఈ తేడా యూరప్ సంతతిలో ఎక్కువ, ఆసియావాసుల్లో తక్కువ. కాబట్టి వాళ్ల లెక్క మనకు అచ్చంగా అతకదు. మనవాళ్ల జన్యువులను మనమే చదవాలి. పది వేల మంది భారతీయుల జన్యుపటాలతో సాగిన జీనోమ్ ఇండియాలో, నాగోలు, ఉప్పల్ దాటితే వచ్చే మన సీసీఎంబీ కూడా పాలుపంచుకుంది. ఆ సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది.

రెండో రకం జన్యువులు టెర్ట్, టెర్క్. చీర కొంగు చివర దారాలు ఊడకుండా కుచ్చులు ముడివేస్తాం కదా, క్రోమోజోముల చివరలకూ టెలోమియర్లనే అలాంటి ముడులుంటాయి. ఈ జన్యువుల్లో లోపముంటే అవి త్వరగా అరిగిపోతాయి. కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి ఇదే జబ్బు, చిన్న వయసులోనే తల నెరవడం, కాలేయం దెబ్బతినడం కలిసి కనిపిస్తే డాక్టరుకు తప్పక చెప్పాలి. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా చాలు కాబట్టి, దీన్ని దగ్గరి సంబంధాల పెళ్లిళ్ల మీదికి నెట్టి కోడలిని నిందించడం అన్యాయం. ఇది వైద్యానికీ పనికొచ్చే సమాచారమే. ఐపీఎఫ్‌కు ఒకప్పుడు స్టెరాయిడ్, అజాథియోప్రిన్ కలిపి ఇచ్చేవారు. దానివల్ల మరణాలు పెరుగుతున్నాయని 2012లో తేలింది. టెలోమియర్లు పొట్టిగా ఉన్నవారికే హాని ఎక్కువని ఆ తర్వాత గమనించారు.

మందుల్లో పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ రెండింటికీ అమెరికా 2014లో అనుమతి ఇచ్చింది. పిర్ఫెనిడోన్‌ను మన కంపెనీలూ తయారుచేస్తున్నాయి. ఏదీ మచ్చను చెరపదు, వేగం తగ్గిస్తుందంతే. పిర్ఫెనిడోన్ సాధారణంగా రోజుకు మూడుసార్లు, భోజనంతో వేసుకోవాలి. అందుకే రంజాన్‌కు ముందే డాక్టరుతో మాట్లాడాలి తప్ప సొంతంగా మోతాదు ఎగ్గొట్టకూడదు. మందు వాడేవారికి ఎండ కూడా పడదు. మూడోది నెరాండోమిలాస్ట్. 1,177 మందిపై జరిగిన పరీక్షలో ఏడాదికి ఊపిరి సామర్థ్యం ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 183 మి.లీ. పడిపోగా, పెద్ద మోతాదు తీసుకున్నవారిలో 115 మి.లీ. తగ్గింది. 2025 అక్టోబరులో అమెరికా దీన్ని అనుమతించింది. కృత్రిమ మేధ సాయంతో రూపొందిన రెంటోసెర్టిబ్ చైనాలో 71 మందిపై చిన్న పరీక్షలో ఆశ కలిగించింది. అంత కొద్దిమందిని చూసి పండగ చేసుకోనక్కర్లేదు.

మన దాతలు చేయగలిగింది ఇంతకంటే దగ్గరలోనే ఉంది. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రో మారకుండా వెళ్లవచ్చు. నిమ్స్ కూడా ఆ దారిలోదే. స్కాన్ ఖర్చు, నెలవారీ మందులు, రోగితో వెళ్లే ఒక మనిషి ఉంటే చాలామంది వైద్యం మధ్యలో ఆపరు. ఇక ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ల సంగతి. కరోనా కాలంలో దాతలు కొన్నవి ఎక్కడైనా మూలన పడి ఉంటే, సర్వీసింగ్ చేయించి, ఆక్సిజన్ శాతం కొలిపించాకే ఇవ్వాలి. యంత్రం ఇవ్వడంతో పని అయిపోదు. 350 వాట్ల యంత్రం రోజంతా నడిస్తే నెలకు సుమారు 250 యూనిట్లు. గృహజ్యోతిలో ఉచితం 200 యూనిట్ల వరకే. అంటే మనం ఇచ్చిన యంత్రం వల్లే ఆ ఇంటికి సున్నా బిల్లు పోయి, ఇల్లాలు రాత్రిపూట స్విచ్ ఆపేసే రోజు వస్తుంది. ఇకపై ఇచ్చే ప్రతి యంత్రంతోపాటు కరెంటు బిల్లుకూ నెలనెలా డబ్బు కేటాయించాలని నా మనవి.