పోటీ పరీక్షల ప్రత్యేకం: గాలి కంటే తేలికైన వాయువులు

మూలం: అవగాడ్రో నియమం (1811). ఒకే ఉష్ణోగ్రత, పీడనం వద్ద సమాన ఘనపరిమాణాల్లో అణువుల సంఖ్య సమానం. అంటే అణుభారం తగ్గితే సాంద్రత తగ్గుతుంది.

గాలి సగటు అణుభారం: సుమారు 29.

సూత్రం: అణుభారం ÷ 29. ఫలితం 1 కంటే తక్కువైతే తేలిక.

తేలికైనవి: హైడ్రోజన్ 2, హీలియం 4, మీథేన్ 16, అమ్మోనియా 17, నీటి ఆవిరి 18.

బరువైనవి: ఆక్సిజన్ 32, హైడ్రోజన్ సల్ఫైడ్ 34, కార్బన్ డయాక్సైడ్ 44, బ్యూటేన్ 58.

కొల్లేరు సరస్సు ఉదాహరణ: అడుగు బురదను గెడతో కదిపితే బుడగలు వస్తాయి. వాటిలో ముఖ్యమైనది మీథేన్ (మార్ష్ గ్యాస్). ఆక్సిజన్ లేనిచోట కుళ్లిన మొక్కల నుంచి మీథనోజెన్లు అనే సూక్ష్మజీవులు దీన్ని తయారుచేస్తాయి. ఇవి బ్యాక్టీరియా కాదు, ఆర్కియా.

కొల్లేరు: కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య మంచినీటి సరస్సు. అభయారణ్యం 1999, రామ్‌సార్ గుర్తింపు 2002. ఈ సరస్సు ఉన్న ఏలూరు జిల్లా ఏర్పాటు: 2022 ఏప్రిల్ 4.

ఐస్ ప్లాంట్లలో శీతలీకరణి: అమ్మోనియా.

ఇంధన వాయువులు: ఎల్‌పీజీ (ప్రొపేన్, బ్యూటేన్) లీకైతే నేల దగ్గర చేరుతుంది. సీఎన్‌జీ (మీథేన్) పైకి పోతుంది.

హీలియం: దీని ఆవిష్కరణతో ముడిపడిన 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరులో పరిశీలించినవారు జాన్సెన్. భూమిపై తొలిసారి వేరుచేసినవారు రామ్‌సే, 1895.

తరచుగా తప్పు చేసేవి:
1. తేమ గాలి పొడి గాలి కంటే తేలిక. బరువు కాదు.
2. కార్బన్ మోనాక్సైడ్ (28) దాదాపు గాలితో సమానం.
3. బెలూన్లలో హైడ్రోజన్ కంటే హీలియం సురక్షితం. కారణం: మండదు.