గుణాత్మక దత్తాంశ విశ్లేషణలో సాఫ్ట్‌వేర్ వినియోగం: రైతు మాట చెదరకుండా నేర్చుకొనే విధానం

ఉపోద్ఘాతం

దక్షిణ రాయలసీమలో వర్షాధార వేరుశనగ సాగుపై జరిగే విస్తరణ పరిశోధనలలో విస్తీర్ణం, దిగుబడి, ఖర్చు వంటి అంకెలు ఒక పార్శ్వం మాత్రమే. సిఫారసు చేసిన కాలంలో రైతు ఎందుకు విత్తలేదు, కొత్త రకాన్ని ఒక ఏడాది వేసి మరుసటి ఏడాది ఎందుకు మానుకున్నాడు అన్న ప్రశ్నలకు సమాధానాలు ముఖాముఖి సంభాషణలలోను, బృంద చర్చలలోను లభిస్తాయి. ముప్పై మంది రైతులతో జరిపిన సంభాషణలను యథాతథంగా రాస్తే వందల పుటలవుతాయి. వాటిని క్రమబద్ధంగా చదివి విశ్లేషించడానికి సాఫ్ట్‌వేర్ తోడ్పడుతుంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో క్షేత్ర అధ్యయనం చేసే స్నాతకోత్తర విద్యార్థులు దానిని నేర్చుకొనేటప్పుడు గమనించవలసిన అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

సాఫ్ట్‌వేర్ చేసేది, చేయనిది

ఆస్ట్రేలియాలోని లా ట్రోబ్ విశ్వవిద్యాలయంలో లిన్ రిచర్డ్స్, టామ్ రిచర్డ్స్ 1981లో నుడిస్ట్ అనే సాఫ్ట్‌వేర్‌ను రూపొందించారు. దాని కొనసాగింపుగా 1999లో ఎన్‌వివో వెలువడింది. అట్లాస్ టిఐ మూలాలు 1989లో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మొదలైన పరిశోధనలో ఉన్నాయి. క్వాల్‌కోడర్, టాగెట్ ఉచితంగా లభిస్తాయి కనుక అభ్యాసానికి అనువైనవి. వీటన్నింటిలో మూల సూత్రం ఒకటే: పాఠంలోని ఒక భాగాన్ని గుర్తించి దానికి ఒక పేరు, అనగా కోడ్, ఇవ్వడం, ఒకే కోడ్ గల భాగాలను ఒకచోట చూపడం, కోడ్‌ల మధ్య సంబంధాలను వెదకడం. గణాంక సాఫ్ట్‌వేర్‌కు అంకెలిస్తే ఫలితం వస్తుంది. ఇక్కడ అర్థ నిర్ణయం పరిశోధకుని బాధ్యత.

పాఠాన్ని సిద్ధపరచడం

మొదట సంభాషణను యూనికోడ్ తెలుగులో టైపు చేయాలి. పాత అచ్చు ఫాంట్లలోని పాఠాన్ని మార్చకుండా చేర్చితే అక్షరాలు చెదిరిపోతాయి, వెదుకులాట పనిచేయదు. రైతుల పేర్లకు బదులు సంఖ్యలు వాడాలి; అప్పుల వివరాలు కూడా ఉంటాయి కనుక దత్తాంశాన్ని సొంత కంప్యూటరులో భద్రపరచడం శ్రేయస్కరం.

ప్రతి సంభాషణకు జిల్లాతో పాటు గ్రామం, మండలం, సంవత్సరం నమోదు చేయాలి. 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు, నెల్లూరు జిల్లాల ప్రాంతాలతో తిరుపతి జిల్లా ఏర్పడింది. అంతకు ముందు చంద్రగిరిలో సేకరించిన సంభాషణ చిత్తూరు జిల్లా కింద, ఆ తరువాతది తిరుపతి జిల్లా కింద నమోదవుతాయి. మండలం లేకుంటే రెండింటినీ పోల్చడంలో పొరపాటు జరుగుతుంది.

కోడింగ్: ఒక ఉదాహరణ

బోధన కోసం కల్పించిన ఈ వాక్యాన్ని పరిశీలించవచ్చు: "పదునుండేటప్పుడు ఇత్తనం చేతికి రాలేదు, ఇత్తనం వచ్చేటప్పటికి పదును ఆరిపాయ."

దీనిని ముందుగా ఆంగ్లంలోకి అనువదించి చదివే విద్యార్థి 'వర్షాభావం' లేదా 'ఆలస్యపు విత్తనం' అని కోడ్ ఇచ్చే అవకాశం ఉంది. కాని రైతు చెప్పింది వాన లేదని కాదు. వాన కురిసింది, నేలలో విత్తడానికి తగిన తేమ ఉంది, ఆ కొద్ది రోజులలో విత్తనం లేదు. విత్తే కాలాన్ని 'అదును' అని, విత్తడానికి తగిన నేల తేమను 'పదును' అని రైతు వేరు చేస్తాడు. ఈ రెండింటినీ 'సకాల విత్తు' అనే ఒకే కోడ్‌లో చేర్చితే అసలు కారణం మరుగున పడుతుంది. వర్షాభావమని తేలితే బెట్టను తట్టుకొనే రకం సిఫారసు అవుతుంది. విత్తన జాప్యమని తేలితే తొలకరికి ముందే విత్తనం అందజేయడం సిఫారసు అవుతుంది. మొదటి సిఫారసు ఈ రైతు ఇబ్బందిని తీర్చదు.

కనుక తొలి విడతలో రైతు పలికిన మాటనే కోడ్‌గా ఉంచాలి. పై వాక్యానికి 'పదును', 'విత్తన జాప్యం' అనే రెండు కోడ్‌లూ ఇచ్చి, వాటి సంబంధాన్ని మెమోలో రాసుకోవాలి. తరువాత ఆ రెండూ కలిసి వచ్చిన భాగాలన్నింటినీ సాఫ్ట్‌వేర్ ద్వారా వెలికితీయవచ్చు. సొంత విత్తనం దాచుకున్న రైతులు ఇదే సందర్భంలో ఏమన్నారో కూడా పోల్చి చూడాలి.

పద గణనలో జాగ్రత్త

తరచుగా వచ్చే పదాల పట్టికను చూసి నిర్ణయానికి రావడం తెలుగులో ప్రమాదకరం. 'వాన', 'వానకు', 'వానలు', 'వానొస్తే' అనే రూపాలను సాధారణ గణన నాలుగు వేర్వేరు పదాలుగా లెక్కిస్తుంది. 'విత్తనం', 'ఇత్తనం' కూడా అంతే. పైగా ఎక్కువసార్లు పలికిన మాట ఎక్కువ ముఖ్యమైనది కానక్కరలేదు.

కోడింగ్ విశ్వసనీయత

ఒకే పాఠాన్ని ఇద్దరు విడివిడిగా కోడ్ చేసి పోల్చాలి. 1960లో కోహెన్ ప్రతిపాదించిన కప్పా గుణకం ఇందుకు ఉపకరిస్తుంది. నూరు భాగాలలో 'పదును' కోడ్‌ను ఇద్దరూ 40 భాగాలకు ఇచ్చి, 40 భాగాలకు ఇవ్వలేదనుకొందాం. మిగిలిన 20లో చెరొకరు పదేసి భాగాలకు ఇచ్చారు. ఏకీభావం 0.80, యాదృచ్ఛికంగా రాగలది 0.50. కప్పా విలువ (0.80 − 0.50) ÷ (1 − 0.50) = 0.60. ఆ 20 భాగాలను కలిసి చదివి కోడ్ నిర్వచనాన్ని సవరించడమే ఈ లెక్క అసలు ప్రయోజనం.

ముగింపు

నేర్చుకొనేవారు మొదట మూడు సంభాషణలను కాగితంపై చేతితో కోడ్ చేసి, ఆ తరువాతే సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లడం మంచిది. మీటల వాడకం కొద్ది రోజులలో అలవడుతుంది. పదునుకు, అదునుకు గల తేడాను వినగలగడానికి ఎక్కువ కాలం పడుతుంది. ఆ తేడాను గుర్తించి కోడ్ చేసినప్పుడే రైతు చెప్పిన కారణం సిఫారసు వరకు చేరుతుంది.